ఈ చెయ్యి ఎవరిది? – కుస్తీ పత్రిక డిజైన్ డైరీ

1వ రోజు

ఇవాళ్టికి ఖాయమైనవి మూడే: ఏ4 సైజు, 32 పేజీలు, మధ్యలో పిన్ను కొట్టే బైండింగు. ఫ్రీస్టైల్, గ్రీకో-రోమన్, మహిళల కుస్తీ మూడూ ఉంటాయి. టీవీలో చూసే వినోద రెజ్లింగ్ ఉండదు. అది వేరే కళ, దానికి వేరే కన్ను కావాలి. రాతలు ఎడిటర్ గారి బాధ్యత, ఫొటోలు మా ఫొటోగ్రాఫర్‌వి, పేజీల రూపం మొత్తం నాది.

పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి ఇక్కడ రాసిపెట్టుకోవాలి. కొన్నేళ్ల కిందట నేను వేరే క్రీడా పత్రికలో పేజీలు పెట్టేదాన్ని. ఒక మహిళల బౌట్ (ఇద్దరి మధ్య జరిగే ఒక పోటీ) ఫొటో కింద రెండు పేర్లు తారుమారయ్యాయి. ప్రత్యర్థిని నడుము పట్టి ఎత్తేసిన అమ్మాయి పేరు గాల్లో తలకిందులైన అమ్మాయికి పడింది. ‘ఎడమ’, ‘కుడి’ అని రాశాం. ఆ ఫొటోలో ఎడమా లేదు, కుడీ లేదు, ఒకరి మీద ఒకరున్నారు. ఆ అమ్మాయి తల్లి ఫోన్ చేశారు. కోప్పడలేదు. “మా పాప పేరు అచ్చులో పడటం ఇదే మొదలమ్మా. కత్తిరించి దాచుకుందామనుకున్నాం. ఎవరికి చూపించినా, పాపం, పడిపోయిందా అంటున్నారు” అన్నారు. తర్వాతి సంచికలో సవరణ వేశాం, ఓ మూలన, చిన్న అక్షరాల్లో. అది కత్తిరించి దాచుకునేంత కూడా లేదు.

అందుకే ఈ పత్రిక విషయంలో నాకు నేను పెట్టుకున్న షరతు ఒకటే. ఏ పేజీ తిప్పినా, ఏ పట్టు చూపినా, ఏ చెయ్యి ఎవరిదో, ఏ కాలు ఎవరిదో చూసేవాళ్లకు తెలియాలి. అందం ఆ తర్వాతే.

3వ రోజు

ఫొటోగ్రాఫర్ ఇచ్చిన వాటిలోంచి నలభై ఏరి, ప్రింట్లు తీసి నేల మీద పరిచాను. మాకు సాంకేతిక సలహా ఇస్తున్న కోచ్ సార్ వచ్చి వాటి మధ్య గొంతుకూర్చున్నారు. నాకు అన్నిటికన్నా నచ్చిన ఫొటో చేతికిచ్చాను. ఇద్దరు మల్లులు మ్యాట్ మీద చుట్టుకుపోయి ఉన్నారు, వెలుతురు పక్క నుంచి పడి భుజాల కండరాలు చెక్కినట్టున్నాయి, ఒకరి కనుబొమ్మ మీద చెమట చుక్క జారబోతోంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎర్ర దుస్తుల కుర్రాడి చంక కింద కనిపిస్తున్న చేతి మీద వేలు పెట్టారు.

“ఏమ్మా, ఈ చెయ్యి ఎవరిది?”

ఎర్ర కుర్రాడిదే అన్నాను. “మోచెయ్యి ఎటు వంగిందో చూడు” అన్నారు. ట్రేసింగ్ కాగితం పరిచి, ఎర్ర పెన్సిలుతో ఒకరిని, నీలం పెన్సిలుతో ఇంకొకరిని గీయడం మొదలుపెట్టాను. భుజం దగ్గర మొదలుపెట్టి వేళ్ల దాకా వెళ్తేగానీ తేలలేదు. అది నీలం కుర్రాడి ఎడమ చెయ్యి. కింద నుంచి దూరి, అవతలివాడి వీపు మీదికి వచ్చింది. అంటే నేను దాడి చేస్తున్నాడనుకున్నవాడు నిజానికి చిక్కుకుపోతున్నాడు. మూడు రోజులుగా ఆ ఫొటో చూస్తూ ఆటను తలకిందులుగా చదువుతున్నాను.

ఆ ఫొటోను తీసెయ్యను. అది వ్యాసం మొదట్లో పేజీ నిండా పడాల్సిన ఫొటో, పాఠకుణ్ని నిలబెట్టే ఫొటో. కానీ పట్టును వివరించే చోట అది పనికిరాదు. అక్కడికి వేరే ఫొటోలు కావాలి, వాటిని తీసే పద్ధతే వేరు. సాయంత్రం ఫొటోగ్రాఫర్‌తో కూర్చుని రాసుకున్న విషయాలివి: ఇద్దరూ కింద ఉన్నప్పుడు కెమెరా వాళ్ల తలల వైపో కాళ్ల వైపో కాకుండా పక్కగా ఉండాలి, అప్పుడే నాలుగు చేతులూ కనిపిస్తాయి. ఎత్తి విసిరే ఫొటోల్లో కింద మ్యాట్, పైన పాదాలు రెండూ చట్రంలో ఉండాలి. బాగా ఎత్తుకు లేపి విసిరితే 5 పాయింట్లు ఇస్తారు. పాదాలు కత్తిరించేస్తే ఆ ఎత్తు ఎక్కడ కనిపిస్తుంది? ముఖం దగ్గరగా రావాలన్న తొందరలో మనం ఎప్పుడూ చేసే తప్పు అది. షట్టర్ వేగం 1/1000 సెకనుకు తగ్గకూడదు.

గ్రీకో-రోమన్‌లో నడుము కింద పట్టుకోవడం నిషిద్ధం, కాళ్లు వాడి పడెయ్యడమూ నిషిద్ధం. అందుకని దాని పేజీలకు నిలువు ఫొటోలు నప్పుతాయి: నిలబడి, ఛాతీకి ఛాతీ ఆనించి, పైకి లేపడం. ఫ్రీస్టైల్‌లో సగం ఆట కాళ్ల దగ్గరే జరుగుతుంది, దానికి అడ్డం ఫొటోలు, కెమెరా మ్యాట్ ఎత్తులో. రెండు శైలుల పేజీలకూ రెండు వేర్వేరు గ్రిడ్‌లు (పేజీని విభజించే గళ్ల చట్రాలు) వేయాలన్న నిర్ణయం ఇక్కడే పుట్టింది. శీర్షిక చదవకముందే ఏ కుస్తీయో తెలిసిపోవాలి.

4వ రోజు

రాత్రి పాత చిత్రాలు వెతుకుతుంటే ఈజిప్టులోని బెని హసన్ సమాధులు దొరికాయి. నైలు నది తూర్పు ఒడ్డున కొండను తొలిచిన సమాధులు. వాటిలో 15వది మూడో బాకెట్ అనే ప్రాంతాధిపతిది. సుమారు 4,000 ఏళ్ల కిందటి గోడ మీద వరసలు వరసలుగా 200కు పైగా కుస్తీ జంటలు, ఒక్కో జంట ఒక్కో పట్టులో.

ఆ చిత్రకారుడికీ నాకొచ్చిన చిక్కే వచ్చింది. అతను ప్రతి జంటలోనూ ఒకరికి ముదురు రంగు వేశాడు, ఇంకొకరికి లేత రంగు. అంతే. ఎంత చుట్టుకుపోయినా ఏ కాలు ఎవరిదో ఇప్పటికీ తెలుస్తోంది. కింద పేర్లు అక్కర్లేదు, ఎడమ కుడి అక్కర్లేదు. చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఇంత శుభ్రమైన సమాధానం కళ్లెదుట ఉంటే కొత్తది వెతకడం ఎందుకు?

5వ రోజు

నేటి పోటీల్లో రంగులు ముందే ఉన్నాయి: ఒకరు ఎరుపు, ఒకరు నీలం. రెఫరీకి కూడా ఎడమ చేతికి ఎర్ర పట్టీ, కుడి చేతికి నీలం పట్టీ ఉంటాయి. ఎవరికి పాయింటు వస్తే ఆ రంగు చెయ్యి పైకెత్తి వేళ్లతో చూపిస్తాడు. కనక పత్రిక మొత్తానికీ ఎరుపు, నీలమే ప్రధాన రంగులు అనుకుని, పట్టుల బొమ్మలు రెండు గీసి పంపాను. తెరమీద చూడముచ్చటగా ఉన్నాయి.

ఎడిటర్ గారు ఒక్క మాట గుర్తు చేశారు. ఖర్చు తగ్గడానికి మధ్యలోని 16 పేజీలు నలుపు ఒక్కటే. పట్టులు నేర్పే పేజీలు ఆ మధ్యలోనే పడతాయి. బొమ్మల్ని నలుపు-తెలుపుకు మార్చి చూశాను. ఎరుపూ నీలమూ కలిసిపోయి ఒకే బూడిద రంగయ్యాయి! ఇద్దరు మనుషులు ఒక ముద్ద అయిపోయారు.

బెని హసన్ చిత్రకారుడు వేసింది రెండు రంగులు అనుకున్నాను గానీ, అతను నమ్ముకున్నది రంగును కాదు, ముదురు-లేత తేడాను. ఇక్కడి నుంచి అదే నియమం. నీలం మల్లుడు ఎప్పుడూ ముదురు, ఎర్ర మల్లుడు ఎప్పుడూ లేత. రంగు పేజీల్లో నీలాన్ని దాదాపు రాత్రి ఆకాశమంత ముదురు చేశాను, ఎరుపును కాస్త నారింజ వైపు తేల్చాను. నలుపు పేజీల్లో నీలం మల్లుడికి నిండు పూత, ఎర్ర మల్లుడికి ఉత్త గీత, లోపల తెలుపు. ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగా కనిపించని పాఠకులకు కూడా ఇది పనికొస్తుంది. కోచ్‌లు పట్టుల పేజీల్ని జిరాక్స్ తీసి గోడకు అంటించుకుంటారు కాబట్టి, ప్రతి బొమ్మకూ చివరి పరీక్ష జిరాక్సే. జిరాక్సుకు జిరాక్స్ తీసినా మనుషులు ఇద్దరుగానే కనిపించాలి.

8వ రోజు

అక్షరాలు. ఈ ఒక్క రోజు మొత్తం వాటికే పోయింది, పోవాల్సిందే.

శీర్షికలకు రామభద్ర ఫాంటు అనుకున్నాను. బరువుగా, నేల మీద కాళ్లు పాతుకుని నిలబడ్డట్టు ఉంటుంది, కుస్తీకి సరిపోతుంది. పెద్ద సైజులో బ్రహ్మాండం. 14 పాయింట్లకు దిగేసరికి అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతున్నాయి, అందుకని ఉపశీర్షికలకు వాడను. చదివే పాఠానికి నోటో సెరిఫ్ తెలుగు, 11 పాయింట్లు.

అసలు కష్టం వరుసల మధ్య ఎడంతో. ‘ఫ్రీస్టైల్ కుస్తీలో’ అని ఒక వరుస, దాని కింద ‘కీలక మలుపు’ అని ఇంకో వరుస పెట్టి చూడండి. ‘ఫ్రీ’ కింద రకారం వేలాడుతుంది. ‘స్టై’ కింద టవొత్తు, దాని పక్కనే ఐత్వం తోక. ‘స్తీ’ కింద తవొత్తు. కింది వరుసలోంచి ‘కీ’ గుడి దీర్ఘం పైకి లేస్తుంది. 48 పాయింట్ల అక్షరానికి 52 పాయింట్ల ఎడం ఇస్తే పై ఒత్తులు కింది గుళ్లలో చిక్కుకుని, ఏ ముక్క ఏ అక్షరానిదో తెలియకుండా పోయింది. ఇక్కడ కూడా అదే ప్రశ్న, ఈ చెయ్యి ఎవరిది? 66 పాయింట్ల ఎడానికి గానీ విడిపోలేదు. పాఠానికి 11 మీద 17. ఒక పేజీకి నాలుగైదు వరుసలు తగ్గుతాయని ఎడిటర్ గారు బాధపడ్డారు గానీ, అచ్చు తీసి చూపించాక ఒప్పుకున్నారు.

మూడు కాలమ్‌లు అనుకున్నది రెండుకు తగ్గించాను. మార్జిన్లు పోగా పేజీలో 180 మిల్లీమీటర్లు మిగులుతాయి. మూడుగా కోస్తే, కాలమ్‌ల మధ్య ఖాళీలు పోను, ఒక్కోటి 56 మి.మీ. మాత్రమే. ‘చాంపియన్‌షిప్‌లోనూ’ లాంటి మాట ఒకటి వచ్చిందంటే వరుసలో సగం అదే తినేస్తుంది, రెండు వైపులా సమానంగా సర్దితే మాటల మధ్య గోతులు. రెండు కాలమ్‌లు, ఎడమకు మాత్రమే సర్ది, కుడి అంచు వదిలేశాను.

పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ వాడేవాళ్ల కోసం రెండు మాటలు. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు, గుణింతాలు అక్షరాల నుంచి ఊడిపోతాయి. ఇంకోటి: వేరేచోట రాసిన వ్యాసాన్ని తెచ్చి అతికించేటప్పుడు అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని నాన్-జాయినర్ గుర్తు రాలిపోవచ్చు. ‘ఒలింపిక్స్‌లో’ కాస్తా ‘ఒలింపిక్స్లో’ అయిపోతుంది. ‘స్లో’ కోసం వెతుకుతూ మొత్తం వ్యాసాన్ని ఒకసారి జల్లెడ పట్టడం అలవాటు చేసుకుంటున్నాను.

9వ రోజు

పేరు. ఎడిటర్ గారికి ‘పట్టు’ ఇష్టం. నాకూ ఇష్టమే, కానీ ముఖచిత్రం మీద ఆ రెండక్షరాలు ఒంటరిగా కనిపిస్తే సగం మందికి చీరలు గుర్తొస్తాయి, పైగా టవొత్తు కిందికి దిగి ఫొటోలోని తలల్ని పొడుస్తుంది. ‘గోదా’ అయితే కింద ఒత్తు లేదు, అడుగు సమంగా ఉంటుంది. మల్లుల తలలు నేరుగా అక్షరాల కిందికి వచ్చి ఆనుకోవచ్చు. మూడు సైజుల్లో వేసి గోడకు అంటించాం. సాయంత్రానికి ‘గోదా’ ఖాయం.

13వ రోజు

బౌట్‌ను ఒక్క గీతలో చూపించాలన్న కోరిక నాకు మొదట్నుంచీ ఉంది. పాయింట్ల పట్టిక 6-4 అని చెబుతుంది. కానీ 0-4తో వెనకబడి, ఆఖరి అరనిమిషంలో తిప్పేసిన 6-4 వేరు, మొదట్నుంచీ ముందున్న 6-4 వేరు.

బౌట్ అంటే 3 నిమిషాల చొప్పున రెండు పీరియడ్లు, 360 సెకన్లు. నా పేజీ 180 మిల్లీమీటర్లు. 2 సెకన్లకు ఒక మిల్లీమీటరు! స్కేలు పెట్టి కొలవగానే అది కుదిరినప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను. మధ్యలోని 30 సెకన్ల విరామాన్ని సన్నని నిలువు గీతతో సరిపెట్టాను. ఎరుపు పాయింట్లు గీతకు పైన, నీలం పాయింట్లు కింద. గుర్తులు రెఫరీ చెయ్యే: నేటి నిబంధనల్లో దాడులకు వచ్చేవి 1, 2, 4, 5 పాయింట్లు, 3 లేదు. అందుకని నాలుగే చేతులు గీశాను, మణికట్టుకు పట్టీతో. ఫాల్ (ప్రత్యర్థి రెండు భుజాలూ మ్యాట్‌కు ఆనించి గెలవడం) అయితే మ్యాట్ మీద చరిచే అరచెయ్యి, గీత అక్కడితో ఆగిపోతుంది. ఫ్రీస్టైల్‌లో 10 పాయింట్ల తేడా, గ్రీకో-రోమన్‌లో 8 వస్తే బౌట్ ముగుస్తుంది కాబట్టి, 40 సెకన్లలో తేలిపోయిన బౌట్‌కు 20 మి.మీ. గీత, మిగతా 160 ఖాళీ. ఆ ఖాళీని దేనితోనూ నింపవద్దని లేఅవుట్ ఫైల్లోనే రాసిపెట్టాను. ఓడినవాడికి ఆరోజు ఎంత సమయం దక్కకుండా పోయిందో ఆ ఖాళీయే చెబుతుంది.

పాత బౌట్ ఒకటి వేసి చూద్దామని 2000 సిడ్నీ ఒలింపిక్స్ 130 కిలోల గ్రీకో-రోమన్ ఫైనల్ తీసుకున్నాను. 13 ఏళ్లుగా అంతర్జాతీయ పోటీల్లో ఓటమి ఎరుగని రష్యా మల్లుడు అలెగ్జాండర్ కరెలిన్, అమెరికా మల్లుడు రూలన్ గార్డ్‌నర్ చేతిలో 0-1తో ఓడిన బౌట్. అప్పటి నిబంధనల ప్రకారం అదనపు సమయం కూడా ఆడారు, మొత్తం 9 నిమిషాలు. నా లెక్కన 270 మిల్లీమీటర్లు, పేజీలో పట్టదు. కొలత తగ్గించి ఇరికిద్దామా అని ఒక గంట తంటాలు పడ్డాను. చివరికి కొలత అలాగే ఉంచి రెండు పేజీల మీదుగా లాగాను. 270 మి.మీ. గీత, దాని మీద ఒకే ఒక్క వేలు చూపించే ఒకే ఒక్క చెయ్యి. రెండో పీరియడ్‌లో కరెలిన్ చేతుల పట్టు విడిపోయిన క్షణం అది. ఆ తర్వాత గీత చివరిదాకా ఏమీ లేదు. దాని పక్కన ఎడిటర్ గారు అర పేజీ వ్యాసం రాద్దామనుకున్నారు, చూశాక నాలుగు వాక్యాలకు కుదించారు.

19వ రోజు

ప్రూఫ్ (పరీక్షకు తీసిన అచ్చు) వచ్చింది. నీలం మ్యాట్ తెరమీద మెరిసినంత కాగితం మీద మెరవదు, అచ్చులో వాడే నాలుగు సీఎంవైకే సిరాలకు ఆ నీలం అందదు. అది తెలిసిందే. తెలియనిది చర్మం రంగు. మ్యాట్ మీద పడ్డ వెలుతురు ముఖాలకు తగిలి, కింద పడుకున్న మల్లుల బుగ్గలు నీలిగా, జబ్బుపడ్డట్టు కనిపిస్తున్నాయి. మొత్తం ఫొటో రంగు సవరిస్తే మ్యాట్ పాడవుతోంది, చర్మం వరకే మాస్కు వేసి నీలం తగ్గించాలి. ఇది ప్రతి ఫొటోకూ చెయ్యాల్సిన పని, వారం తీసుకుంటుంది. కానీ చెవులు ముట్టుకోను. దెబ్బలు తిని ముద్దకట్టిన ఆ చెవుల్ని నున్నగా చెయ్యమని ఒకరు సలహా ఇచ్చారు. కుస్తీ పట్టేవాళ్లకు అవి ఏళ్ల సాధన ఆనవాళ్లు, నేనెవర్ని చెరిపెయ్యడానికి?

22వ రోజు

ఎనిమిది కాగితాలు మడిచి డమ్మీ (పత్రిక నమూనా) కట్టాను. 12, 13 పేజీలు రెండింటి మీదుగా పరిచిన ఫొటోలో ఇద్దరి వేళ్లు పెనవేసుకున్న చోటే సరిగ్గా మడత పడింది. తెరమీద ఎన్నిసార్లు చూసినా పట్టుబడని తప్పు చేతిలో పుస్తకం పట్టుకోగానే కనిపించింది. ఫొటోను 25 మి.మీ. కుడికి జరిపాను, వేళ్లన్నీ ఒకే పేజీలోకి వచ్చాయి, మడతలో వట్టి మ్యాట్ మాత్రమే పడింది.

ముఖచిత్రం కూడా ఇవాళే తేలింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వరుసగా ఐదో స్వర్ణం గెలిచిన క్యూబా మల్లుడు మిహాయిన్ లోపెస్ తన బూట్లు విప్పి మ్యాట్ మధ్యలో వదిలి వెళ్లాడు. కుస్తీలో వీడ్కోలు చెప్పే పద్ధతి అది. ఆ స్ఫూర్తితో ఖాళీ బూట్ల బొమ్మ ఒకటి గీశాను, అందరికీ నచ్చింది, ముఖచిత్రం చేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. తొలి సంచిక తొలి పేజీలోనే వెళ్లిపోయినవాళ్ల బూట్లా? అది చివరి అట్ట మీదికి వెళ్లింది. ముందు అట్ట మీద, ఈల మోగడానికి ముందు ఎదురెదురుగా వంగి నిలబడ్డ ఇద్దరు, వాళ్ల మధ్య ఇంకా ఎవరూ తాకని జానెడు ఖాళీ.

26వ రోజు

పట్టుల పేజీకి అసలు పరీక్ష. తొలి సంచికలో సింగిల్ లెగ్ అనే పట్టు నేర్పుతున్నాం. నాలుగు బొమ్మలు: మోకాళ్లు వంచి కిందికి దిగడం, అడుగు లోపలికి వేసి ఒక కాలు అందుకోవడం, తల పైకెత్తి ప్రత్యర్థి ఛాతీకి లోపలి వైపు ఆనించడం, కింద పడెయ్యడం. ఆ పేజీని జిరాక్స్ తీసి, ఆ జిరాక్సుకు మళ్లీ జిరాక్స్ తీసి, కోచ్ సార్ దగ్గర కొత్తగా చేరిన ఇద్దరు పిల్లల చేతికిచ్చాం. ఏమీ చెప్పకూడదని సార్‌తో ముందే మాట తీసుకున్నాను.

కాగితం మ్యాట్ మీద పెట్టుకుని వంగి చూశారు. “నేను నల్లోణ్ని, నువ్వు తెల్లోడివి” అని పంచుకున్నారు. ఏ చెయ్యి ఎవరిదన్న సందేహం ఒక్కసారి కూడా రాలేదు. మొదటి బొమ్మ, రెండో బొమ్మ, మూడో బొమ్మ చకచకా చేసేశారు. అక్కడ ఆగిపోయారు. కాలు చేతుల్లో ఉంది, తల సరైన చోట ఉంది, ఇద్దరూ ఒంటికాలి మీద గెంతుతూ గుండ్రంగా తిరుగుతున్నారు. నల్ల పిల్లాడు కాగితం వైపు మెడ తిప్పి, “నాలుగో బొమ్మలో వీడు కిందున్నాడు సార్, ఎట్టా పడ్డాడో లేదు” అన్నాడు.

నిజమే, లేదు. పట్టుకున్న కాలిని తన మోకాళ్ల మధ్య బిగించి, ఛాతీ బరువు దాని మీద వేస్తూ, వెనక పాదాన్ని అర్ధచంద్రాకారంలో వెనక్కి లాగాలి. పడేది అప్పుడే. మూడుకూ నాలుగుకూ మధ్య జరిగే ఆ కదలికను నేను బొమ్మల్లోకి తేలేదు. కోచ్ సార్ వెళ్లి పిల్లాడి పాదాన్ని చేత్తో పట్టుకుని వెనక్కి జరిపారు. అవతలివాడు దబ్బున పడ్డాడు.

ఇంటికొచ్చి ఐదో బొమ్మ గీస్తున్నాను. వెనక్కి జరిగే పాదానికి చుక్కల గీత, ఛాతీ కింద బరువు చూపే లావు బాణం. నాలుగు గళ్ల పేజీలో ఐదు పట్టాలంటే శీర్షికను రెండు వరుసల నుంచి ఒక వరుసకు దించాలి, పరిచయ వాక్యాలు మూడు తీసెయ్యాలి. ఎడిటర్ గారికి మెసేజ్ పెట్టాను. ఎల్లుండి ఆ ఇద్దరు పిల్లలకూ మళ్లీ జిరాక్స్ ఇస్తాను, ఈసారి వేషాలు మార్చి.